ఇల్లు పిల్లలకిచ్చి రోడ్డెక్కిన పులులు

1985 ఆగస్టు 12, సోమవారం మధ్యాహ్నం. ఫుకువోకా నుంచి టోక్యో వెళ్లే జపాన్ ఎయిర్‌లైన్స్ 366 విమానంలో ఉన్నాం. ఇది బోయింగ్ 747లో జపాన్ కోసమే చేయించిన రకం. దూరాలు తక్కువ, జనం ఎక్కువ కాబట్టి లోపల ఐదు వందలకు పైగా సీట్లు బిగించారు. చనిపోయిన పెద్దలను తలుచుకునే ఒబోన్ పండగ రోజులు. ఊళ్లకు వెళ్లేవాళ్లు, పిల్లాజెల్లా, చేతుల్లో బహుమతి పొట్లాలు. వాళ్ల మధ్య సీట్లలో ఇమడక కాళ్లు దారిలోకి చాపుకుని కూర్చున్న కండలు తిరిగిన మగవాళ్లు కొందరున్నారు. వీళ్లు ఊరికి వెళ్లడం లేదు. ఇల్లు ఉన్న ఊరు దాటి అవతలికి వెళ్తున్నారు.

పక్క సీటతని చేతులు చూడండి. వేళ్ల మొదళ్ల దగ్గర కాయలు కాసి ఉన్నాయి, రెండు చోట్ల తెల్లటి టేపు చుట్టి ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎండకు కమిలి నల్లబడిన చర్మం, గ్లోవు తొడిగే ఎడమ చేతి దగ్గర మాత్రం గీత గీసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి పాలిపోయి ఉంది. బేస్‌బాల్ ఆటగాడని వేరే చెప్పక్కర్లేదు. ఒసాకా ప్రాంతపు హన్షిన్ టైగర్స్ జట్టు ఫుకువోకాలో మ్యాచ్‌లు ముగించుకుని, రేపు టోక్యోలో యొమియురి జెయింట్స్‌తో మొదలయ్యే సిరీస్ కోసం బయల్దేరింది. జపాన్‌లో ఇంతకు మించిన వైరం లేదు. టోక్యో జట్టంటే ఒసాకా జనానికి రాజధాని మీదున్న కోపమంతా గుర్తొస్తుంది. ఈ ఏడు టైగర్స్ బాగా ఆడుతోంది. 1964 తర్వాత సెంట్రల్ లీగ్ టైటిల్ గెలవని జట్టు ఇది. ఇరవయ్యేళ్లుగా అభిమానులు వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే ఉన్నారు.

ఈ దారిలోనే ఎక్కడో కింద, ఒసాకాకీ కోబెకీ మధ్య, నిషినోమియా అనే ఊళ్లో వీళ్ల సొంత మైదానం ఉంది. కోషియెన్. దాన్ని దాటుకుని వీళ్లు ఇంకొకళ్ల మైదానానికి ఎగిరి పోతున్నారు. ప్రతి ఆగస్టులోనూ ఇంతే.

కారణం చెప్పుకోవాలి. కోషియెన్‌ను 1924లో కట్టింది హన్షిన్ ఎలక్ట్రిక్ రైల్వే కంపెనీ. కట్టించింది ప్రొఫెషనల్ జట్టు కోసం కాదు. 1915లో మొదలైన హైస్కూల్ పిల్లల జాతీయ టోర్నమెంటుకు జనం పట్టక, పెద్ద మైదానం కావాల్సి వచ్చి కట్టారు. అదే కంపెనీ టైగర్స్ జట్టును పెట్టింది ఆ తర్వాత పదకొండేళ్లకు, 1935 డిసెంబర్‌లో. కాబట్టి ఈ ఇంట్లో ముందు హక్కు పిల్లలది, పులులు వెనక వచ్చినవాళ్లు. ఆగస్టు వచ్చేసరికి దేశంలోని 47 ప్రిఫెక్చర్ల నుంచి 49 స్కూళ్లు కోషియెన్‌కు వస్తాయి. టోక్యోకు రెండు, హొక్కైదోకు రెండు, తక్కినవాటికి ఒక్కొక్కటి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఓడిన జట్టు పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఇన్‌ఫీల్డ్‌లోని నల్లమట్టిని సంచుల్లోకి ఎత్తుకుంటారు. అదంతా దేశం టీవీల ముందు కూర్చుని చూస్తుంది. ఆ రోజుల్లో టైగర్స్‌కు సొంత మైదానంలో ప్రాక్టీసుకు కూడా చోటుండదు. సామాను సర్దుకుని రోడ్డున పడతారు. పత్రికలు ఈ ప్రయాణాన్ని చావు దారి అంటాయి. ఎన్నో ఏళ్లు టైగర్స్ ఆశలు వాడిపోయింది ఈ నెలలోనే.

చావు దారి అనేది పత్రికలవాళ్ల అతి అనుకుంటాం. ఒకసారి వాళ్లతో తిరిగితే అలా అనిపించదు. సీజన్‌కు 130 మ్యాచ్‌లు. వారానికి ఆరు రోజులు ఆట, సోమవారం ప్రయాణం. మంగళ, బుధ, గురువారాలు ఒక ఊరు. శుక్ర, శని, ఆదివారాలు ఇంకో ఊరు. టోక్యోలో కోరకుయెన్, జింగూ. పక్కనే యొకొహామా. తర్వాత నగోయా, హిరోషిమా. ఇవి కాక అప్పుడప్పుడు ఫుకువోకాలాంటి ఊళ్లు. ఇవన్నీ పైకప్పు లేని మైదానాలే. టోక్యో డోమ్ రావడానికి ఇంకా మూడేళ్లుంది. కోరకుయెన్‌లో పరిచింది కృత్రిమ గడ్డి. పగలంతా ఎండను తాగి సాయంత్రం ఆరింటికి, ఆట మొదలయ్యే వేళకు, బూటు అట్టల్లోంచి ఆ వేడిని కక్కుతుంది. జపాన్ ఆగస్టు ఎండ మన కోస్తా జిల్లాల ఉక్కలాంటిదే. ఒళ్లు తడుస్తుంది గానీ చల్లబడదు. ఆట ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర, ఒక్కోసారి పది. పిచ్చర్ భుజానికి మంచు కట్టుకుని బస్సెక్కుతాడు. హోటల్లో అన్నం తిని పడుకునేసరికి అర్ధరాత్రి. పొద్దున లేచాక ఏ ఊళ్లో ఉన్నామో గుర్తు రావడానికి కాసేపు పడుతుంది. స్నానాలగదిలో ఆరవేసిన లోబట్టలు ఇంకా తడిగానే ఉంటాయి. ఇంటికి ఫోన్ చేయాలంటే హోటల్ వరండాలో వరస.

అయితే నన్నడిగితే, అలసట ఒక్కటే అయితే ఆటగాళ్లు తట్టుకుంటారు. అలసట వాళ్ల వృత్తిలో భాగం. ఈ దారిలో అసలు బరువు వేరే ఉంది. మనసుకు ఏదైనా అయితే దాన్ని దింపుకునే చోటుండదు. ఇల్లుంటే తలుపు వేసుకోవచ్చు, ఒక పూట మాట్లాడకుండా కూర్చోవచ్చు. హోటల్ గదిలో పక్క మంచం మీద ఇంకొకడుంటాడు, కింద బస్సు టైమ్ రాసి ఉంటుంది.

సాయంత్రం 5 గంటల 12 నిమిషాలు. విమానం హనెడాలో దిగింది. చక్రాలు తాకిన చప్పుడు, తలల పైన అరలు తెరుచుకున్న చప్పుడు. మనమూ లేచాం. ఐదు నిమిషాల తర్వాత 18వ నంబర్ చోట ఆగింది. దిగుతూ ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. విమానం దిగుతూ వెనక్కి చూసేవాళ్లెవరు? సామాను కోసం నడుస్తున్నాం, బస్సు కోసం నడుస్తున్నాం. మన వెనక శుభ్రం చేసేవాళ్లు లోపలికి వెళ్లారు, ఇంధనం పడుతోంది. ఈ విమానానికి ఇవాళ ఇంకో ట్రిప్పు ఉంది. ఫ్లైట్ 123, ఒసాకాకు.

ఒసాకా వెళ్లడానికి ఆ సాయంత్రం హనెడాలో ఎదురుచూస్తున్నవాళ్లలో నకానో హజిమె ఒకరు. హన్షిన్ రైల్వే కంపెనీలో పెద్ద ఉద్యోగి, కిందటి ఏడాది శరదృతువులోనే టైగర్స్ జట్టుకు అధ్యక్షుడైన మనిషి. ప్రైవేటు రైల్వే కంపెనీల పని మీద టోక్యో వచ్చి తిరిగి వెళ్తున్నారు. జట్టు టోక్యోకు వచ్చింది, జట్టు అధ్యక్షుడు ఇంటికి బయల్దేరారు. ఒకే విమానం.

6 గంటల 12 నిమిషాలకు అది గాల్లోకి లేచింది. 524 మంది ఉన్నారు. పన్నెండు నిమిషాలకు, సగామి అఖాతం దగ్గర, తోక భాగంలోని పీడన గోడ పగిలింది. నిలువు తోకలో ఎక్కువ భాగం ఊడిపోయింది, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ గొట్టాలన్నీ తెగిపోయాయి. పైలట్లు ఇంజిన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ ఇంకో అరగంట పైనే దాన్ని గాల్లో నిలిపారు. 6 గంటల 56 నిమిషాలకు గున్మా ప్రిఫెక్చర్‌లోని ఒసుతాకా కొండల్లో కూలింది. నలుగురు బతికారు. 520 మంది పోయారు. ఒకే విమానం కూలి ఇంతమంది చనిపోయిన ప్రమాదం ఇంకోటి లేదు.

ఏడు దాటాక హోటల్లో ఉన్నాం. టీవీలో ఒక వార్త, విమానం రాడార్ నుంచి మాయమైందని. నంబర్ విన్నారు, ఎక్కడికి వెళ్లే విమానమో విన్నారు. కాసేపటికి ప్రయాణికుల పేర్లు రావడం మొదలైంది. జపాన్ టీవీలో పేర్లు కతకన అక్షరాల్లో, ఇంటి పేరు, సొంత పేరు, వయసు, వరసగా పైకి కదులుతూ వస్తాయి. ఒక్కో పేరూ చదవడానికి సరిపోయేంత నిదానంగా కదులుతాయి, ఆపి చూడడానికి వీల్లేదు. దేశమంతా ఆ రాత్రి ఆ జాబితానే చూసింది. దేశం పాడుకున్న గాయకుడు సకమొతో క్యూ ఆ విమానంలో ఉన్నాడు. నకానో హజిమె కూడా ఉన్నారు.

తాము సాయంత్రం దిగి వచ్చిన విమానం అదేనన్న సంగతి ఆ గదుల్లోకి ఎప్పుడు, ఎవరి నోట చేరిందో గానీ, చేరాక ఎవరికి నిద్ర పడుతుంది? తర్వాత దర్యాప్తులో తేలింది ఇంకా బరువైనది. ఏడేళ్ల కింద, 1978లో, ఒసాకా ఇతామి విమానాశ్రయంలో దిగుతూ ఆ విమానం తోకను నేలకు రాసుకుంది. పీడన గోడకు చేసిన రిపేరు సరిగ్గా జరగలేదు. రెండు వరసల రివెట్లు పట్టుకోవాల్సిన చోట ఒక్క వరసే బరువు మోసింది. ఎగిరిన ప్రతిసారీ పగులు కొంచెం కొంచెం పెరిగింది. ఫుకువోకా నుంచి మనం వస్తున్నంతసేపూ, పక్కతను తల వాల్చి కునుకు తీసినంతసేపూ, వెనక ఆ పగులు పెరుగుతూనే ఉంది. ఒక్క ట్రిప్పు తేడా. దీనికి అర్థం వెతకాలని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు ఏ అర్థమూ కనబడలేదు. వెతకడం ఆ 520 మందికి మర్యాద కాదనిపిస్తుంది కూడా.

మర్నాడు మంగళవారం. కొండల్లో రక్షణ బృందాలు శకలాల దగ్గరికి చేరాయి. హెలికాప్టర్‌లోకి ఒక అమ్మాయిని పైకి లాగుతున్న దృశ్యం టీవీలో వస్తోంది. అదే టీవీ ఉన్న హోటల్ కింద బస్సు ఇంజిన్ నడుస్తూ నిలబడి ఉంది. కోరకుయెన్‌లో ఆరింటికి ఆట.

బస్సెక్కుదాం. మేనేజర్ యొషిదా యొషియో ముందు సీట్లో. చిన్న మనిషి, టైగర్స్‌కు షార్ట్‌స్టాప్‌గా ఆడిన రోజుల్లో చేతి చురుకుకు పేరు పడ్డవాడు. వెనక ఈ ఏటి బ్యాటింగ్ వరస. ముందుగా మయుమి, తర్వాత అమెరికా నుంచి వచ్చిన గడ్డం మనిషి ర్యాండీ బాస్, ఆ తర్వాత కకెఫు, ఒకాదా. ఏప్రిల్ 17న కోషియెన్‌లో ఇదే జెయింట్స్ మీద బాస్, కకెఫు, ఒకాదా ముగ్గురూ వరసగా హోమ్‌రన్లు కొట్టారు. మూడూ స్కోర్‌బోర్డు వైపే పోయాయి. ఆ రోజు నుంచే ఈ ఏడు వేరు అన్న నమ్మకం ఒసాకాలో పుట్టింది. ఒకాదా అకినొబుకు అప్పటికి ఇరవై ఏడేళ్లు, జట్టు ఆటగాళ్ల సంఘానికి నాయకుడు. ఇవాళ జట్టులో ఎవరైనా ఏదైనా అనాల్సి వస్తే అతనే అనాలి. బస్సులో మాటలు లేవు. కిటికీ అవతల టోక్యో మామూలుగానే ఉంది, పండగకు సగం ఖాళీ అయి.

మైదానంలోకి రాగానే ఎడమ వైపు స్టాండ్లలో పసుపు, నలుపు జెండాలు. టైగర్స్ అభిమానులు ఏ ఊరికైనా వస్తారు, దూరం ఎంతైనా వస్తారు. వాళ్లు పాడే జట్టు పాట రొక్కో కొండ నుంచి దిగే గాలి గురించి. 1936లో దానికి బాణీ కట్టింది కొసెకి యూజి. ఇక్కడో సంగతి నాకెప్పుడూ ఆశ్చర్యమే. కోషియెన్‌లో ఈ నెలంతా వినిపించే పిల్లల టోర్నమెంటు పాటకు, 1948లో, బాణీ కట్టిందీ ఆయనే. అంటే ఇంట్లో మోగుతున్న పాటా, ఇల్లు విడిచి వచ్చినవాళ్ల కోసం ఇక్కడ పాడుతున్న పాటా ఒకే చేతి నుంచి వచ్చాయి.

ఆ రోజు మొదలు టైగర్స్ వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడింది.

ఓటమి అంటే బంతి ఎటు పోయిందో, ఎవరు తప్పు చేశారో చెప్పుకుంటూ పోవచ్చు. నాకు ఆసక్తి అక్కడ లేదు. ఓడిన రాత్రి డగౌట్‌లో నిలబడి చూడండి. బ్యాట్లు సంచిలో పెడుతున్న చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆరు రాత్రులు ఇంతే. ఒక మనిషి చనిపోతే పదిమంది కలిసి కూర్చోవడం, వాళ్ల ఇంటికి వెళ్లడం, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం, ఇదంతా చేయడానికి ఎక్కడైనా కొంత టైమ్ ఉంటుంది. షెడ్యూల్లో ఆ టైమ్ లేదు. ఉన్నది మర్నాటి ఆట, దాని మర్నాటి ఆట. ఈ ఆరు ఓటములను చాలామంది జట్టు కుంగిపోవడంగా చెబుతారు. నేను వేరేలా చూస్తాను. దుఃఖపడడానికి చోటు దొరకనివాళ్లు మైదానంలోనే దుఃఖపడ్డారు. అక్కడ తప్ప వాళ్లకు వేరే చోటు లేదు.

ఈలోగా వాళ్ల ఇంట్లో ఏం జరుగుతోందో ఒకసారి వెళ్లి చూద్దాం. ఆగస్టు 14న కోషియెన్‌లో ఒసాకాకు చెందిన పీఎల్ గకుయెన్ స్కూలు, యమగాతా నుంచి వచ్చిన జట్టు మీద 29 పరుగులు చేసింది. అవతలివాళ్లు 7. పీఎల్ జట్టులో కియొహారా కజుహిరో బ్యాటింగ్, కువాతా మసుమి పిచ్చింగ్, ఇద్దరికీ స్కూల్లో ఇదే ఆఖరి ఏడు. స్టాండ్లలో స్కూలు పిల్లల బ్యాండు ఇన్నింగ్స్‌కు ఇన్నింగ్స్‌కు వాయిస్తూనే ఉంది. మంచు తురుము కప్పులు అమ్మేవాళ్లు మెట్లెక్కుతూ దిగుతూ ఉన్నారు. మర్నాడు 15వ తేదీ మధ్యాహ్నం పన్నెండు కాగానే ఆట ఆగింది. ఏటా ఆగుతుంది. సైరన్ మోగుతుంది, పిచ్చర్ టోపీ తీస్తాడు, బ్యాటర్ హెల్మెట్ తీస్తాడు, స్టాండ్లన్నీ లేచి నిలబడతాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం ఒక నిమిషం. యుద్ధం ముగిసి ఆ రోజుకు సరిగ్గా నలభై ఏళ్లు. ఆ నిమిషంలో ఆ కొండ మీద పోయినవాళ్లను తలుచుకోని మనిషి ఆ మైదానంలో ఉండి ఉండడు. హన్షిన్ రైల్వే కట్టిన మైదానంలో, హన్షిన్ రైలు దిగి వచ్చిన జనం, ఆ కంపెనీ మనిషి కోసం కూడా నిలబడ్డారు. టైగర్స్ ఆటగాళ్లకు మాత్రం అక్కడ నిలబడే వీలు లేకపోయింది.

రోజులు గడుస్తున్నాయి. షింకన్‌సెన్ రైళ్లలో ఒబోన్ జనం ఒకటే రద్దీ. సీట్ల మధ్య దారుల్లో పత్రికలు పరుచుకుని కూర్చున్న కుటుంబాలు. పెద్దల సమాధుల దగ్గర దీపాలు పెట్టి, చనిపోయినవాళ్లను ఇంటికి పిలిచి, తిరిగి సాగనంపి వస్తున్నవాళ్లు. ఆ రైళ్లలోనే టైగర్స్ సామాను సంచులు.

ఆరో ఓటమితో ఆ వరస ఆగింది. ఎలా ఆగిందని అడిగితే గొప్ప ప్రసంగమేదో జరిగిందని నేను చెప్పను. బాస్ కొట్టడం ఆపలేదు, కకెఫు ఆపలేదు, ఒకాదా ఆపలేదు. వాళ్ల పిచ్చింగ్ బలమైనది కాదు, ఆ సంగతి అందరికీ తెలుసు. నాలుగు పరుగులిస్తే ఐదు కొట్టాలి, ఏడిస్తే ఎనిమిది కొట్టాలి, వాళ్ల పద్ధతి అదే. మళ్లీ ఆ పద్ధతిలో పడ్డారు. ఆగస్టు 21న కోషియెన్‌లో పిల్లల ఫైనల్ జరిగింది. పీఎల్ గకుయెన్ 4-3తో ఉబె షోగ్యో మీద గెలిచింది. కియొహారా ఆ ఒక్క ఫైనల్లోనే రెండు హోమ్‌రన్లు కొట్టాడు, టోర్నమెంటు మొత్తంలో ఐదు. కోషియెన్ ఉన్నది కియొహారా కోసమేనా అని వ్యాఖ్యాత ఉద్వేగంతో అరిచాడు. ఆ మాట జపాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నెలకు అది నిజమే మరి.

పిల్లలు మట్టి సంచులతో వెళ్లిపోయారు. మైదానాన్ని చూసుకునేవాళ్లు ఆ చోట్లు పూడ్చి, నీళ్లు చల్లి, చదును చేశారు. టైగర్స్ తిరిగి వచ్చింది.

అక్టోబర్ 16. మనం మళ్లీ టోక్యోలో ఉన్నాం, యకుల్ట్ స్వాలోస్ మైదానం జింగూలో. పేరుకే ఇది యకుల్ట్ ఇల్లు, స్టాండ్లలో ఎటు చూసినా పసుపే. పది ఇన్నింగ్స్ ఆడినా 5-5, డ్రా. లీగ్ టైటిల్‌కు డ్రా చాలు. ఆఖర్న మౌండ్ మీద నకానిషి కియొకి ఉన్నాడు. అతను పని ముగించగానే స్టాండ్ల నుంచి కాగితపు రిబ్బన్లు గాల్లోకి లేచాయి. 21 ఏళ్ల తర్వాత టైటిల్. 74 గెలుపులు, 49 ఓటములు, 7 డ్రాలు, జట్టు మొత్తానికి 219 హోమ్‌రన్లు. బాస్ ఒక్కడే 54. యొషిదాను చేతుల మీద పైకెగరేస్తున్నారు. ఈ రోజు కోసం కిందటి ఏడాది పని మొదలుపెట్టిన నకానో ఆ గుంపులో లేరు.

నవంబర్ 2న, దేశ ఛాంపియన్‌ను తేల్చే జపాన్ సిరీస్‌లో ఆరో మ్యాచ్. అదీ పరాయి మైదానమే, టోక్యో పక్కన తొకొరొజావాలో సెయిబు లయన్స్ ఇల్లు. మొదటి ఇన్నింగ్స్‌లోనే నగసాకి కెయిజి నలుగురినీ ఇంటికి చేర్చే హోమ్‌రన్ కొట్టాడు. రిచ్ గేల్ ఆఖరి దాకా తానే బంతి వేశాడు. 9-3. టైగర్స్ చరిత్రలో మొదటి జపాన్ సిరీస్ విజయం. లీగ్ టైటిలూ, ఇదీ, రెండూ ఇంటికి దూరంగానే గెలిచారు.

తర్వాత ఒసాకాలో పైకప్పు, ఏసీ ఉన్న డోమ్ వచ్చింది. ఆగస్టులో కొన్ని మ్యాచ్‌లు టైగర్స్ అక్కడ ఆడుకుంటోంది, దారి కొంత తేలికైంది. పిల్లలు మాత్రం ఇంకా కోషియెన్‌లోనే ఆడుతున్నారు, టైగర్స్ ఇంకా ఆ నెల వాళ్లకు వదిలేస్తోంది. రెండో జపాన్ సిరీస్ కోసం 38 ఏళ్లు పట్టింది. 2023లో మేనేజర్ ఒకాదా అకినొబు. ఆయన జట్టు ఆ ఆగస్టులో 18 మ్యాచ్‌లు గెలిచి 5 ఓడింది. సిరీస్ ఏడో మ్యాచ్ నవంబర్ 5న, ఒసాకాలోనే, ఒరిక్స్ బఫెలోస్ మైదానంలో జరిగింది. 7-1తో గెలిచారు.